ఒక అక్షరం మారితే సోరియాసిస్‌కు అడ్డు, క్షయకు దారి

టైక్2 అనే జన్యువు గురించి రెండేళ్ల తేడాతో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే పొంతన కుదరదు. 2016లో ఆక్స్‌ఫర్డ్ బృందం, ఈ జన్యువులో ఒక్క డీఎన్ఏ అక్షరం మారి ఉన్నవారికి సోరియాసిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, టైప్-1 డయాబెటిస్ లాంటి రోగాలు తక్కువగా వస్తున్నాయని చూపించింది. శరీరం తన మీద తానే దాడి చేసుకునే ఇలాంటి రోగాలు దాదాపు పదింటి విషయంలో ఈ రక్షణ కనిపించింది. పోనీ ఆ లాభానికి ఇన్ఫెక్షన్ల రూపంలో ఏమైనా మూల్యం ఉందా అని యూకే బయోబ్యాంక్ (బ్రిటన్ జనం ఆరోగ్య, జన్యు వివరాల భాండారం) వివరాల్లో వెతికితే ఏమీ దొరకలేదు. 2018లో పారిస్, న్యూయార్క్ శాస్త్రవేత్తలు సరిగ్గా అదే అక్షరం గురించి ఇంకో సంగతి చెప్పారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా ఆ మార్పు వచ్చినవారికి క్షయ సోకే ముప్పు బాగా ఎక్కువని.

రెండు బృందాలూ తప్పు చెప్పలేదు. తేడా జన్యువులో లేదు, ఆ మనుషులు బతుకుతున్న చోటులో ఉంది. రోగనిరోధక కణాల్లోని ఎంజైమ్ జన్యువుల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసే విషయం ఇదే. అందుకే టైక్2ను కొంచెం వివరంగా చూడాలి.

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి సైటోకైన్‌లనే చిన్న ప్రొటీన్లను వాడతాయి. సైటోకైన్ కణం లోపలికి వెళ్లదు. కణం పైపొరలో ఉన్న రిసెప్టర్‌ను పట్టుకుని బయటే ఆగిపోతుంది. కబురు లోపలికి చేరాలంటే, రిసెప్టర్ లోపలి కొసకు అంటిపెట్టుకుని ఉన్న ఎంజైమ్‌లు కదలాలి. వీటినే జాక్ కుటుంబం అంటారు. ఇందులో ఉన్నది నలుగురే: జాక్1, జాక్2, జాక్3, టైక్2. సైటోకైన్ వచ్చి రిసెప్టర్ ముక్కలను దగ్గరకు చేర్చగానే వాటి కింద ఉన్న రెండు జాక్‌లు ఒకదానికొకటి ఫాస్ఫేట్‌ను తగిలిస్తాయి. ఆ తర్వాత రిసెప్టర్ కొసకు, అక్కడికి వచ్చి చేరిన స్టాట్ అనే ప్రొటీన్లకు కూడా తగిలిస్తాయి. ఫాస్ఫేట్ అందుకున్న స్టాట్‌లు జంట కట్టి కేంద్రకంలోకి పోయి, అక్కడ అవసరమైన జన్యువులను పనిలోకి దింపుతాయి. మొత్తం తతంగం నిమిషాల్లో ముగుస్తుంది. ఫాస్ఫేట్ తగిలించే ఇలాంటి ఎంజైమ్‌లను కైనేజ్‌లంటారు. మనిషి జన్యువుల్లో కైనేజ్‌లవి ఎన్ని అని 2002లో లెక్కపెడితే 518 తేలాయి.

నలుగురూ ఒకే పని చేస్తున్నా, ఒక్కొక్కరు లేకపోతే జరిగే నష్టం ఒకేలా ఉండదు. జాక్2 లేని ఎలుక పిల్లలు గర్భంలోనే చనిపోతాయి, ఎందుకంటే ఎర్ర రక్తకణాలు తయారవ్వాలన్న కబురు దాని మీదుగానే పోతుంది. జాక్3 లేకుండా పుట్టిన పిల్లలకు టీ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) ఉండవు. ఎముక మజ్జ మార్పిడి లాంటి చికిత్స జరగకపోతే చిన్నతనంలోనే ఇన్ఫెక్షన్లకు బలైపోతారు. ఈ రోగానికి జాక్3 లోపం ఒక కారణమని 1995లో బయటపడింది. టైక్2 విషయానికొస్తే కథ ఇంత ఘోరంగా ఉండదు. అది పూర్తిగా లేని మొదటి మనిషిని 2006లో జపాన్‌లో గుర్తించారు. 22 ఏళ్ల యువకుడు. బ్యాక్టీరియా, వైరస్ ఇన్ఫెక్షన్లు పదేపదే వచ్చినా ఆ వయసు దాకా బతికాడు. అతని రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీ విపరీతంగా ఉండటంతో, అది కూడా టైక్2 లోపం లక్షణమే అనుకున్నారు. 2015లో ఇంకో ఏడుగురు దొరికాక ఆ ఊహ నిలబడలేదు. వాళ్లలో ఎక్కువగా కనిపించినవి రెండే: క్షయ జాతి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు, వైరస్ ఇన్ఫెక్షన్లు. ఒక్క రోగిని చూసి జన్యువు పని ఏమిటో తేల్చేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి వైద్య పాఠాల్లో ఈ ఉదాహరణ చేర్చవచ్చు.

ఆ రెండు రకాల ఇన్ఫెక్షన్లే ఎందుకు? టైక్2 ఎప్పుడూ జోడీగానే పనిచేస్తుంది. వైరస్ వచ్చినప్పుడు విడుదలయ్యే ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా అనే సైటోకైన్ రిసెప్టర్ దగ్గర దాని జోడీ జాక్1. ఇంటర్‌ల్యూకిన్-12, ఇంటర్‌ల్యూకిన్-23 అనే మరో రెండు సైటోకైన్ల రిసెప్టర్ల దగ్గర జాక్2. క్షయ క్రిమిని మింగిన మాక్రోఫేజ్ కణం ఈ రెండు ఇంటర్‌ల్యూకిన్లనూ విడుదల చేస్తుంది. వాటిని అందుకున్న టీ కణాలు ఇంటర్‌ఫెరాన్-గామాను తయారుచేసి తిరిగి మాక్రోఫేజ్‌కే పంపుతాయి. అది అందితేనే మాక్రోఫేజ్‌కు తాను మింగిన క్రిమిని చంపే సత్తా వస్తుంది. లేకపోతే క్రిమి ఆ కణంలోనే హాయిగా కాపురం పెడుతుంది. ఇక అదే ఇంటర్‌ల్యూకిన్-23 చర్మంలో అదుపు తప్పితే, ఇంటర్‌ల్యూకిన్-17 తయారుచేసే టీ కణాలు రెచ్చిపోయి, చర్మకణాలు హడావుడిగా పెరిగి పొలుసులు కడతాయి. సోరియాసిస్ అంటే అదే. ఊపిరితిత్తుల్లో క్షయను అడ్డుకునే కబురూ, మోచేతి మీద పొలుసులు లేపే కబురూ ఒకే ఎంజైమ్ చేతుల మీదుగా వెళ్తున్నాయన్నమాట. లాభనష్టాలు రెండూ ఒక్క అక్షరంలోనే ఎందుకున్నాయో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆ అక్షరం సంగతి. టైక్2 ప్రొటీన్ 1,187 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. వాటిలో 1,104వ స్థానంలో ప్రోలిన్ ఉండాలి. డీఎన్ఏలో అక్కడ ‘సి’ బదులు ‘జి’ పడితే ప్రోలిన్ పోయి అలనిన్ వస్తుంది. ప్రొటీన్ తయారవుతుంది, రిసెప్టర్ దగ్గరకు వెళ్లి తన చోట కూర్చుంటుంది కూడా. కానీ ఫాస్ఫేట్ తగిలించే శక్తి మాత్రం పోతుంది. ఎంజైమ్ లేకపోవడం వేరు, ఉండీ పని చేయకపోవడం వేరు. జపాన్ యువకుడిది మొదటిది, ఇది రెండోది. అందుకే ఈ మార్పు రెండు వైపుల నుంచీ వచ్చినవారిలో కూడా ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-12 కబుర్లు చాలామటుకు నడిచిపోతాయనీ, బాగా దెబ్బతినేది ఇంటర్‌ల్యూకిన్-23 కబురేననీ 2018 పరిశోధన చెప్పింది. వైరస్‌ల బెడద వీళ్లకు అంతగా లేకపోవడానికి కారణం ఇదే.

ఇలా రెండు వైపుల నుంచీ మార్పు వచ్చినవారు యూరప్ మూలాలున్న జనంలో దాదాపు 600 మందికి ఒకరు. తూర్పు ఆసియా, సహారా దిగువ ఆఫ్రికాలను పక్కన పెడితే మిగతా ప్రపంచంలో 5,000 మందికి ఒకరు. 600కు ఒకరంటే అరుదైన జన్యులోపం కాదు, ఒక పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఒకరుంటారు. అలాంటి మార్పు క్షయకు దారి తీస్తుంటే బ్రిటన్ వివరాల్లో ఎందుకు కనబడలేదు?

సరిగ్గా ఈ ప్రశ్నతోనే 2019లో మళ్లీ యూకే బయోబ్యాంక్‌ను తెరిచారు. ఈసారి ఇన్ఫెక్షన్లన్నిటినీ కలిపి కాకుండా క్షయ ఒక్కదాన్నే విడదీసి చూశారు. క్షయ వచ్చిన 620 మందిలో ఆరుగురికి రెండు వైపులా మార్పు ఉంది. అంటే 1 శాతం. క్షయ లేని 1,14,473 మందిలో 228 మందికి ఉంది. అంటే 0.2 శాతం. ముప్పు దాదాపు ఐదు రెట్లు. ఆరుగురంటే చిన్న సంఖ్యే, కాదనలేం. కానీ ఇక్కడ అసలు కీలకం ఆ 228 మంది. వాళ్లంతా 1939, 1970 మధ్య పుట్టి బ్రిటన్‌లో బతుకుతున్నవారు. ఆ బ్యాంకులో ఉన్నవారిలో క్షయ క్రిమి ఒంట్లోకి చేరినవారు 10 శాతం కూడా ఉండరని పరిశోధకుల అంచనా. క్రిమే తగలని మనిషిలో క్షయకు దారి తీసే జన్యువు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందరికీ క్రిమి తగిలి ఉంటే ఆ ఐదు రెట్లు ఇంకా పెరిగేవి. ఒక వైపు నుంచి మాత్రమే మార్పు వచ్చినవారిలో క్షయ పెరిగిన దాఖలా లేదన్నది కూడా ఇదే పరిశోధనలో తేలింది. ఈ ముక్క గుర్తుంచుకోవాలి, మందుల దగ్గర పనికొస్తుంది.

క్రిమి విచ్చలవిడిగా ఉన్న రోజుల్లో ఏం జరిగింది? దానికి సమాధానం పాత ఎముకల్లో దొరికింది. యూరప్‌లో తవ్వకాల్లో బయటపడిన 1,013 మంది ప్రాచీన మానవుల జన్యుపటాలను 2021లో పోల్చి చూశారు. ఈ మార్పు దాదాపు 30,000 ఏళ్ల కిందట పశ్చిమ యురేషియా జనాల పూర్వీకుల్లో పుట్టింది. కంచు యుగం నాటికి యూరప్ జనంలో ఈ అక్షరం వాటా 9 శాతం దాకా చేరింది. ఆ తర్వాత, ముఖ్యంగా గత 2,000 ఏళ్లలో, తరిగిపోతూ ఇప్పుడు 3 శాతం దగ్గరకు దిగింది. ఊరికే తరిగిపోలేదు. రెండు వైపులా మార్పు ఉన్నవాళ్లలో కొందరు పిల్లల్ని కని పెంచేంత కాలం బతకలేకపోయారు కాబట్టి తరిగింది. రాతలో నమోదు కాని ఒక మహమ్మారి చరిత్ర ఇలా జన్యువుల్లో నమోదైంది. ఇరవయ్యో శతాబ్దంలో క్షయ యూరప్‌లో బాగా తగ్గిపోయేసరికి, అదే అక్షరం ఇప్పుడు వరంలా కనిపిస్తోంది.

మందుల కంపెనీలకు ఆ వరమే కనిపించింది. ప్రకృతి వేల మంది మీద ఇప్పటికే చేసి చూపించిన ప్రయోగం కాబట్టి, టైక్2ను అణిచే మందు పనిచేస్తుందన్న ధైర్యం ముందే దొరికింది. ఇబ్బంది ఇంకోచోట ఉంది. జాక్ కుటుంబంలో నలుగురికీ ఫాస్ఫేట్‌ను అందుకునే గుంట దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ గుంటను మూసే మందు ఒకరిని ఆపబోయి ముగ్గురిని ఆపుతుంది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన టోఫాసిటినిబ్ తీరు అదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు బాగా పనిచేస్తుంది. కానీ గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు ఉందంటూ 2021లో ఎఫ్‌డీఏ (అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ) ఆ తరహా మందుల సమాచార పత్రాల్లో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక వేయించింది.

టైక్2కు ప్రత్యేకమైన మందు దొరికిన తీరు ఆసక్తికరం. బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ శాస్త్రవేత్తలు ఆ గుంట జోలికే పోలేదు. ఇంటర్‌ల్యూకిన్-23 కబురును ఏ రసాయనం ఆపగలదో నేరుగా కణాల మీదే పరీక్షిస్తూ పోయారు. పనిచేసిన రసాయనం ఎక్కడ అంటుకుంటోందని తర్వాత చూస్తే, అది టైక్2లోని ఒక నకిలీ కైనేజ్ భాగం. జాక్ ఎంజైమ్‌లన్నిటిలో అసలు కైనేజ్ పక్కనే ఇలాంటి భాగం ఒకటుంటుంది. అది సొంతంగా పెద్దగా పనిచేయదు కానీ, అసలు కైనేజ్‌కు బ్రేకులా ఉంటుంది. బ్రేకు ఊడితే ఏమవుతుందో 2005లోనే తెలిసింది. జాక్2లో ఈ నకిలీ భాగంలో 617వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే, ఎర్ర రక్తకణాలు అదుపు లేకుండా పెరిగే పాలీసైథీమియా వెరా అనే రోగం వస్తుంది. ఆ రోగుల్లో దాదాపు 95 శాతం మందిలో ఉన్నది ఆ ఒక్క మార్పే. కొత్త మందు దీనికి సరిగ్గా తిరగబడ్డ పని చేస్తుంది, బ్రేకును బిగించి అలాగే పట్టి ఉంచుతుంది. నలుగురిలో నకిలీ భాగాల ఆకారం బాగా తేడాగా ఉంటుంది కాబట్టి మిగతా ముగ్గురి జోలికి పెద్దగా పోదు.

ఆ మందు పేరు డ్యూక్రావాసిటినిబ్. 2022 సెప్టెంబర్‌లో సోరియాసిస్‌కు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. రోజుకు 6 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. అనుమతికి ఆధారమైన రెండు ప్రయోగాల్లో మొదటిదాన్ని చూస్తే, 16 వారాలకు వ్యాధి తీవ్రత కనీసం 75 శాతం తగ్గినవారు ఈ మందు వాడినవారిలో 58.4 శాతం, పాత మాత్ర అప్రెమిలాస్ట్ వాడినవారిలో 35.1 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 12.7 శాతం. టోఫాసిటినిబ్‌కు వేసిన గట్టి హెచ్చరిక దీనికి వేయలేదు. అయితే మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేయాలని మాత్రం రాశారు. అమెరికాలో ఆ వాక్యం లాంఛనంలా అనిపించవచ్చు. భారత్‌లో అలా కాదు.

ఎందుకు కాదో చెప్పడానికి పాత మందు లెక్కలే చాలు. టోఫాసిటినిబ్ ప్రయోగాల్లో పాల్గొన్న 5,671 మంది రుమటాయిడ్ రోగుల్లో 26 మందికి క్షయ వచ్చింది. వాళ్లలో 21 మంది క్షయ ఎక్కువగా ఉన్న దేశాలవారే. ఒకే మాత్ర. క్షయ తక్కువగా ఉన్న దేశాల్లో పది వేల మంది ఏడాదిపాటు వాడితే రెండు క్షయ కేసులు, ఎక్కువగా ఉన్న దేశాల్లో 75. అంటే 37 రెట్లు. పెట్టెలో కాగితం మీద అచ్చయ్యే సగటు అంకె ఈ రెండు లోకాల్లో దేనికీ సరిపోదు. 2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ బారిన పడినవారిలో నాలుగో వంతుకు పైగా, దాదాపు 28 లక్షల మంది, భారత్‌లోనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అలాంటి చోట జాక్ మందులు రాసే డాక్టర్‌కు ఆ సగటు అంకెతో పని జరగదు.

జన్యువు వైపు నుంచి చూసినా మన దగ్గర ఒక చిక్కు ఉంది, అది మేనరికం. దేశంలో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 5,000కు ఒకరు అన్న లెక్క, తల్లిదండ్రుల మధ్య చుట్టరికం లేదనుకుని వేసింది. ఆ లెక్క ప్రకారం జనంలో ఈ అక్షరం వాటా సుమారు 1.4 శాతం. బావామరదళ్లకు పుట్టిన బిడ్డకు, తాతముత్తాతల నుంచి వచ్చిన ఒకే ముక్క రెండు వైపుల నుంచీ అందే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడళ్ల బిడ్డకైతే ఎనిమిదింట ఒకటి. ఇవి కలిపి లెక్కేస్తే బావామరదళ్ల పిల్లల్లో దాదాపు 950 మందికి ఒకరు, మేనమామ సంబంధంలో 520 మందికి ఒకరు రెండు వైపులా మార్పుతో పుడతారు. మేనమామ పెళ్లి ఒక్కటే యూరప్ స్థాయిని దాటించేస్తుంది! ఇది ప్రపంచ సగటు మీద వేసిన కాగితపు లెక్క, మన జనంలో పరీక్షలు చేసి తేల్చింది కాదు. ఇదంతా కలిపినా మన క్షయ భారంలో ఈ అక్షరం వాటా తక్కువే. పోషకాహార లోపం, షుగర్, పొగ, ఇరుకు ఇళ్లు దీనికన్నా ఎన్నో రెట్లు పెద్ద కారణాలు. కానీ ఒకే ఇంట్లో అందరూ ఒకే తిండి తిని, ఒకే గాలి పీల్చినా ఒక్క బిడ్డకే క్షయ మళ్లీ మళ్లీ వస్తోందంటే, జన్యు పరీక్ష గురించి ఆలోచించడానికి ఈ లెక్క ఒక కారణం.

ఇన్ఫెక్షన్ మధ్యలోనే జాక్‌లను అణిచిన సందర్భమూ మన కళ్లముందే జరిగింది. కోవిడ్ రెండో వేవ్‌లో, 2021 మేలో, జాక్1, జాక్2లను ఆపే బారిసిటినిబ్‌కు భారత్‌లో అత్యవసర అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసేందుకు ఎలై లిలీ నుంచి లైసెన్స్ తీసుకున్నవాటిలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో, డాక్టర్ రెడ్డీస్, ఎంఎస్ఎన్ ఉన్నాయి. వైరస్ ఒంట్లో ఉండగా రోగనిరోధక శక్తిని తగ్గించడమేమిటని అప్పట్లో చాలామందికి అనుమానం వచ్చింది. సబబైన అనుమానమే. అయితే తీవ్ర దశలో ఊపిరితిత్తులను పాడుచేస్తున్నది వైరస్ కన్నా దాని మీదకు ఎగబడ్డ రోగనిరోధక కణాలే కాబట్టి ఆ మందు పనికొచ్చింది. వాడింది కూడా గరిష్ఠంగా రెండు వారాలే. సోరియాసిస్‌కు మాత్ర ఏళ్ల తరబడి మింగాలి. క్షయ విషయంలో ఆ తేడాయే పెద్దది.

ఇక మోతాదు. ఒక వైపు నుంచి మాత్రమే అక్షరం మారినవారికి సోరియాసిస్ లాంటి రోగాల నుంచి కొంత రక్షణ ఉంది, క్షయ ముప్పు మాత్రం పెరగలేదు. రెండు వైపులా మారినవారికి రక్షణ ఇంకా ఎక్కువ, ముప్పూ ఎక్కువే. కాబట్టి టైక్2ను అణిచే ఏ మందుకైనా సరైన చోటు ఈ రెంటి మధ్య, వీలైనంత మొదటిదానికి దగ్గరగా ఉండాలి. ఇంకా బలంగా అణిచే మందులు తయారుచేయాలన్న పోటీ ఇప్పుడు కంపెనీల మధ్య నడుస్తోంది. బలం పెరిగేకొద్దీ మందు 620 మందిలోని ఆ ఆరుగురి స్థితికి దగ్గరవుతుందని జన్యువు ముందే చెబుతోంది. క్షయ తక్కువగా ఉన్న దేశాల్లో చేసిన ప్రయోగాల్లో ఆ సంగతి పట్టుబడదు, 2016లో బయోబ్యాంక్‌లో పట్టుబడనట్టే.

పరీక్ష చేసి మందు మొదలుపెడితే సరిపోదా అంటే, సగమే సరిపోతుంది. చర్మం మీద చేసే మాంటూ పరీక్ష గానీ, రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష గానీ చెప్పేది అప్పటిదాకా క్రిమి ఒంట్లో చేరిందా లేదా అన్నదే. చేరి ఉంటే ఐసోనియాజిడ్ లాంటి మందుతో ముందే అడ్డుకోవచ్చు. టోఫాసిటినిబ్ ప్రయోగాల్లో క్షయ బయటపడింది మాత్రం మందు మొదలుపెట్టిన ఎన్నాళ్లకో చూడండి: మధ్యస్థంగా 64 వారాలు. సగం మందికి ఏడాది దాటాకే వచ్చిందన్నమాట. మొదటి రోజు పరీక్ష బాగానే ఉన్న మనిషి ఆ తర్వాత బస్సులోనో, ఆఫీసులోనో కొత్తగా క్రిమిని తెచ్చుకోవచ్చు. అందుకే క్షయ ఎక్కువగా ఉన్న చోట ఈ మాత్రలు వాడేవారికి క్షయ పరీక్ష మధ్యమధ్యలో మళ్లీ చేయించాలి. దగ్గు రెండు వారాలు దాటితే, సాయంత్రాలు జ్వరం వస్తుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే సోరియాసిస్ డాక్టర్ దగ్గరకు వెళ్లే తేదీ కోసం ఆగకుండా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.